ఉత్త సూది, ఒక్కరోజు క్యాంపు: మేమెందుకు వద్దన్నాం



పోయిన కార్యవర్గ సమావేశంలో జరిగిన మాట మీలో చాలామందికి సగం సగం చేరింది. "బీడీలు చుట్టే ఆడవాళ్లకు ఉచితంగా మంచి వైద్యం చేయిస్తామంటే కొందరు అడ్డం పడ్డారు" అని మన గ్రూపులో ఒకరు రాశారు. ఆ కొందరం మేమే. మమ్మల్ని తిట్టినవాళ్ల మీద కోపం లేదు. వాళ్లకూ మన ఆడవాళ్ల మీద ప్రేమే ఉంది. కానీ మా మాట పూర్తిగా వినకుండానే సమావేశం ముగిసింది కాబట్టి ఇక్కడ రాస్తున్నాం. కొంచెం పొడుగైనా చివరిదాకా చదవండి.

ప్రతిపాదన ఇది. నారళీ పున్నమికి మార్కండేయ స్వామి రథం వెళ్లే రోజుల్లో మన సంఘం తరఫున ఒక్కరోజు డ్రై నీడ్లింగ్ క్యాంపు పెట్టాలి. ఇద్దరు ఫిజియోథెరపిస్టులు వస్తారు. పొద్దున పది నుంచి సాయంత్రం నాలుగు దాకా 200 మందికి మెడ, భుజం, నడుము నొప్పులకు సూదులు పెడతారు. ఖర్చు సంఘం ఆరోగ్య నిధి నుంచి. దీనికి మేము వద్దన్నాం.

ముందు ఒక సంగతి స్పష్టంగా చెప్పాలి. మేము సూదికి వ్యతిరేకం కాదు. మా ఇంట్లోనే ఆ సూదితో బాగుపడిన మనిషి ఉంది. ఆమె మా చిన్నమ్మ. పెళ్లై షోలాపూర్ వచ్చినప్పటి నుంచి బీడీలు చుట్టింది. ఒళ్లో చాట, తల కిందికి, భుజాలు ముందుకు, వేళ్లు ఆగకుండా. తునికాకు కత్తిరించడం, తంబాకు నింపడం, చుట్టడం, మూతి మడవడం. వెయ్యి బీడీలు అయ్యేదాకా లేచేది కాదు. కుడి భుజం మీద, మెడ మొదట్లో ఒక గడ్డలాగ పట్టేసి, అక్కడి నుంచి తలలోకి నొప్పి పాకేది. తలనొప్పి గోళీలు మింగి మింగి కడుపు పాడైంది. మేమంతా "నరం పట్టింది" అనుకున్నాం. మర్దన చేయించాం, బామ్ రాశాం, తాయెత్తు కూడా కట్టించాం.

ఒక ఫిజియోథెరపిస్ట్ అమ్మాయి చూసి చెప్పింది, అది నరం కాదు, కండరం అని. మన భాషలో ఏది పట్టినా నరమే అంటాం కదా. భుజం పైన మెడ దాకా పరుచుకున్న కండరంలో ఒక చోట పీచు బిగుసుకుపోయి తాడులాగ అయింది. ఆ తాడులో ఒక బిందువు నొక్కితే అక్కడే కాదు, కణతల దాకా నొప్పి పోతోంది. ఆ బిందువును వాళ్లు ట్రిగ్గర్ పాయింట్ అంటారు. అందులోకి సన్నటి సూది దింపింది. కండరం ఒక్కసారి చేప ఎగిరినట్టు ఎగిరింది. చిన్నమ్మ "అమ్మో" అన్నది. తర్వాత భుజం కిందికి దిగినట్టు అయిందట. ఆ రాత్రి సూది పెట్టినచోట గుద్దినట్టు నొప్పి, రెండోరోజుకు తగ్గింది.

అప్పుడు చిన్నమ్మ అడిగిన మాట మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతాం. "సూదిల మందే లేదంట, ఉత్త సూదికి పైసలెందుకు బిడ్డా?" అన్నది. ఆ ప్రశ్నకు జవాబులోనే ఈ వైద్యం సంగతంతా ఉంది. డ్రై అంటే పొడి. సూదిలో మందు లేదు. ఇంజెక్షన్ సూదికి లోపల బోలు ఉంటుంది, దీనికి ఉండదు. మందమంతా కలిపి పావు మిల్లీమీటరు, కొంచెం అటు ఇటు.

ఇది కొత్తగా పుట్టిన వింత కాదు. అమెరికాలో జానెట్ ట్రావెల్ అనే డాక్టరమ్మ ఈ కండరాల బిందువుల మీద ఏళ్లతరబడి పనిచేసింది. కెన్నెడీ అధ్యక్షుడిగా ఉన్నప్పుడు ఆయన వైద్యురాలు ఆమెనే. డేవిడ్ సైమన్స్‌తో కలిసి 1983లో ఆమె తెచ్చిన పెద్ద పుస్తకం ఈ విషయానికి మూలగ్రంథం. మొదట్లో ఆ బిందువుల్లోకి మందు ఎక్కించేవాళ్లు. 1979లో చెక్ దేశపు డాక్టర్ కారెల్ లెవిట్ ఒక వ్యాసం రాశాడు. మందు లేకపోయినా సూది గుచ్చుడుకే నొప్పి తగ్గుతోందని అందులో చెప్పాడు. 241 మందిలో 312 నొప్పి చోట్ల సూది పెడితే దాదాపు 87 శాతం చోట్ల వెంటనే ఉపశమనం కనిపించింది. ఇది చైనావాళ్ల ఆక్యుపంక్చర్ అని కొందరు అంటున్నారు. సూది ఒకటే, లెక్క వేరు. వాళ్లు శక్తి ప్రవహించే దారులను బట్టి సూది పెడతారు. వీళ్లు కండరాన్ని వేలితో వెతికి పెడతారు.

87 శాతం అనగానే "చూశారా, మరి 200 మందికి చేయిస్తే తప్పేంటి" అంటారు. అదే వ్యాసంలో ఇంకో లెక్క ఉంది. తర్వాత కొంతకాలం గమనించిన 288 చోట్లలో శాశ్వతంగా తగ్గినవి 92. అంటే మూడింట ఒక వంతు. మిగతావాటిలో కొన్నిటికి నెలలు, కొన్నిటికి వారాలు, కొన్నిటికి రోజులు మాత్రమే ఉపశమనం. పైగా సూది పెట్టనివాళ్లతో పోల్చి చూసిన పరీక్ష కాదది. ఆ తర్వాత వచ్చిన పరిశోధనలు కూడా మొత్తం మీద ఇదే దారిలో ఉన్నాయి. కొద్దికాలం నొప్పి తగ్గించడంలో డ్రై నీడ్లింగ్ పనిచేస్తుంది. దీర్ఘకాలంలో వ్యాయామం, చేతివైద్యం కంటే మేలైనదని గట్టి రుజువు లేదు. అసలు ఆ బిందువు అంటే ఏమిటి, లోపల ఏం జరుగుతుంది అనే దాని మీద డాక్టర్లలోనే వాదన నడుస్తోంది. ఒకే మనిషిని ఇద్దరు పరీక్షిస్తే ఇద్దరి వేలూ ఒకే చోట ఆగకపోవచ్చు.

అంటే సూది ఒక తలుపు తెరుస్తుంది. నొప్పి తగ్గిన ఆ కొద్దిరోజుల్లో మెడ తిప్పాలి, భుజాలకు బలం పెంచాలి, కూర్చునే తీరు మార్చాలి. అప్పుడే అది నిలుస్తుంది. మా చిన్నమ్మకు సూది పెట్టింది మూడుసార్లే. కానీ ఆ అమ్మాయి ఆరు వారాలు పిలిచింది. చాట ఒళ్లో పెట్టుకోవద్దని, ముందు ఒక చిన్న పీట వేసి దాని మీద పెట్టుకోమని చెప్పింది. వీపు గోడకు ఆనించమంది. ప్రతి రెండు కట్టలకు ఒకసారి భుజాలు పైకెత్తి వెనక్కి తిప్పమంది. గంటకోసారి లేచి నీళ్లు తాగమంది. చిన్నమ్మ మొదట్లో "లేస్తే లెక్క తప్పుతది" అని గునిసింది. తర్వాత అలవాటైంది. ఇప్పుడు అడిగితే సూది సంగతి చెప్పదు, పీట సంగతి చెబుతుంది.

ఇప్పుడు ఇంకో ఇంటి కథ. మన గల్లీలోనే సాంచాల మీద పనిచేసే ఒకాయన ఇంతకుముందు వేరేచోట జరిగిన ఇలాంటి క్యాంపుకు వెళ్లాడు. భుజం నుంచి చేతిలోకి గుంజుతోందని చెప్పాడు. వరుసలో కూర్చోబెట్టారు, వంతు వచ్చింది, సూదులు పెట్టారు, పంపేశారు. రెండురోజులు హాయిగా ఉంది. తర్వాత మామూలే. ఆయన "సూది పనిచేయదు" అని తీర్మానించుకుని ఇంట్లో కూర్చున్నాడు. నాలుగు నెలల తర్వాత చేతిలో పట్టు తగ్గి, తెగిన దారం ముడివేయడం కూడా కష్టమైంది. అప్పుడు ఆస్పత్రికి పోతే మెడలో ఎముకల మధ్య నుంచి వచ్చే నరం నొక్కుకుపోయిందని తేలింది. అది మొదటిరోజే ఒకరు పది నిమిషాలు కూర్చోబెట్టి వేళ్ల తిమ్మిరి గురించి అడిగి ఉంటే బయటపడేది. తప్పు సూదిది కాదు. అడిగే తీరిక ఎవరికీ లేకపోయింది.

మన క్యాంపు లెక్క మేము వేసి చూశాం. ఆరు గంటలు, ఇద్దరు మనుషులు. మొత్తం 720 నిమిషాలు. 200 మందికి పంచితే ఒక్కొక్కరికి మూడున్నర నిమిషాలు. అందులోనే పేరు రాసుకోవాలి, నొప్పి ఎక్కడో అడగాలి, జబ్బులేమున్నాయో అడగాలి, రవిక భుజం జరపాలి, చేతులు కడుక్కోవాలి, కండరం వెతకాలి, కొత్త సూది తీయాలి, పెట్టాలి, తీయాలి, తర్వాత ఏం చేయాలో చెప్పాలి. ఇది అయ్యే పనేనా? మీరే చెప్పండి.

తొందరలో సూది పెడితే ఏమవుతుందనేది రెండో సంగతి. చాలామందికి ఏమీ కాదు. కొంచెం రక్తపు చుక్క, కొంచెం కమిలిన మచ్చ, ఒకటి రెండు రోజుల నొప్పి. కానీ మన ఆడవాళ్లకు ఎక్కువగా నొప్పి ఉండే చోటే జాగ్రత్త ఎక్కువ కావాల్సిన చోటు. మెడకు భుజానికి మధ్య కండరం కింద, ఛాతీ పైభాగంలో ఊపిరితిత్తి కొస ఉంటుంది. సూది తప్పు దారిలో లోతుకు పోతే ఊపిరితిత్తికి చిల్లుపడి చుట్టూ గాలి చేరుతుంది. ఇది అరుదు. కానీ జరిగిన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదై ఉన్నాయి. కొన్ని గంటల తర్వాత ఇంట్లో ఆయాసం మొదలైతే, ఛాతీలో పొడిస్తే, ఆమె ఎవరికి ఫోన్ చేయాలి? క్యాంపు టెంట్ అప్పటికే విప్పేసి ఉంటారు.

రక్తం పలచబడే గోళీలు వాడేవాళ్లు, గర్భిణులు, షుగరు అదుపులో లేనివాళ్లు, జ్వరం ఉన్నవాళ్లు, చర్మం మీద పుండ్లు ఉన్నవాళ్లు: వీళ్లను ముందే వేరు చేసి ఆలోచించాలి. ఎడమ భుజం నొప్పి అని వచ్చిన ప్రతి ఒక్కరిదీ కండరం నొప్పి కాదు, గుండె కావచ్చు. వేళ్లకు రాత్రిపూట తిమ్మిరి అంటే మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయి ఉండవచ్చు, వేళ్లతో పనిచేసేవాళ్లలో అది మామూలు. చేయి పైకి ఎత్తలేకపోతే షుగరు ఉన్నవాళ్లకు వచ్చే భుజం బిగుసుకుపోవడం కావచ్చు. వీటన్నిటికీ ఒకే సూది మందు కాదు.

ఇంకో మాట మొహమాటం లేకుండా చెప్పాలి. మనవాళ్లకు సూది అంటే నమ్మకం ఎక్కువ. సూది వేస్తేనే డాక్టరు, గోళీలిచ్చి పంపితే డాక్టరు కాదు అనుకునేవాళ్లు ఇప్పటికీ మన ఇళ్లలో ఉన్నారు. ఆ నమ్మకం మీద క్యాంపు పెడితే జనం వస్తారు, ఫ్లెక్సీ కడితే నిండుగా ఉంటుంది, ఫోటోలు బాగుంటాయి. 200 అనే అంకె వార్షిక నివేదికలో అందంగా కనబడుతుంది. ఈ మాట ఎవరినీ నొప్పించడానికి రాయడం లేదు. పోయినసారి కళ్లద్దాల క్యాంపులో ఫ్లెక్సీ కింద నవ్వుతూ నిలబడ్డవాళ్లలో మేమూ ఉన్నాం. కళ్లద్దాలు ఒకసారి ఇస్తే ఏళ్లకొద్దీ పనికొస్తాయి. కండరం నొప్పి అలా కాదు. రేపు పొద్దున ఆమె మళ్లీ అదే చాట ముందు కూర్చుంటుంది.

కూలి సంగతి కూడా మరిచిపోవద్దు. సూది పెట్టినరోజు, మరునాడు భుజం నొప్పిగా ఉంటుంది. ఇంటిదగ్గర చుట్టి కార్ఖానాలో అప్పజెప్పే మనిషికి చుట్టినన్ని బీడీలకే పైసలు. పండగ ముందు రోజుల్లో వెయ్యికి బదులు ఆరువందలే అయితే ఆ లోటు ఎవరు పూడుస్తారు? ఉచిత వైద్యం అని మనం అంటాం. ఆమెకు అది ఉచితం కాదు.

సమావేశంలో ఒక పెద్దాయన మమ్మల్ని అడిగిన ప్రశ్న న్యాయమైనదే. "200 మందికి ఎంతో కొంత దొరికేదాన్ని ఆపి, పాతికమందికే చేస్తే మిగతావాళ్ల ఉసురు తగలదా?" అన్నారు. ఆ మాట మమ్మల్ని రెండురోజులు నిద్రపోనివ్వలేదు. మా జవాబు ఇది. ఆ 200 మందినీ పిలుద్దాం, కానీ సూదికి కాదు. పండగ రోజున టేబుల్ పెట్టి షుగరు, బీపీ చూద్దాం. నొప్పి ఎక్కడ, ఎన్నాళ్ల నుంచి, తిమ్మిరి ఉందా, ఏ గోళీలు వాడుతున్నారు అని ఒక కాగితం మీద రాసుకుందాం. ఇది మన పిల్లలు చేయగల పనే. గుండెదో నరానిదో అనుమానం ఉన్నవాళ్లను ఆస్పత్రికి పంపే బాధ్యత సంఘం తీసుకోవాలి. ఆ ఒక్కరోజులో అలాంటి ముగ్గురు బయటపడ్డా మన పండగ సార్థకమే.

మిగిలినవాళ్లలో నిజంగా కండరం నొప్పే ఉందని ఫిజియోథెరపిస్ట్ తేల్చిన 25 మందిని తీసుకుందాం. ఆరు వారాలు. మొదటిసారి ఒక్కొక్కరికి అరగంట, తర్వాత వారానికోసారి 20 నిమిషాలు. లెక్క వేస్తే మొదటి వారం మూడు మధ్యాహ్నాలు, తర్వాత వారానికి రెండు మధ్యాహ్నాలు, ఒక్కోటి నాలుగు, నాలుగున్నర గంటలు సరిపోతుంది. సూది అవసరమైనవాళ్లకు సూది, లేనివాళ్లకు వ్యాయామం. ఆ బ్యాచ్ అయ్యాక ఇంకో 25 మంది. సంవత్సరానికి ఐదారు బ్యాచులు నడిపినా మన అంకె 150 దగ్గరికి చేరుతుంది. నివేదికలో అంకె కావాలనుకునేవాళ్లకూ నష్టం లేదు.

కొన్ని షరతులు మాత్రం తప్పనిసరి అని మా మాట.

ఫిజియోథెరపిస్ట్‌కు రాష్ట్ర కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉండాలి, డ్రై నీడ్లింగ్‌లో విడిగా శిక్షణ తీసుకుని ఉండాలి. కాగితాలు అడగడం అవమానం కాదు. మన సాంచాకు కొత్త మోటారు కొంటే గ్యారంటీ కార్డు అడగమా?

ప్రతి మనిషికీ కొత్త సూది. ప్యాకెట్ ఆమె కళ్ల ముందే చింపాలి. వాడిన సూదులు గట్టి డబ్బాలో వేసి ఆస్పత్రి చెత్తతో పాటు పంపాలి, మన మంగళ కార్యాలయం వెనక పారేయకూడదు.

చూసేది ఆడమనిషి కావాలి, చాటుకు తెర ఉండాలి. రవిక జరపాలంటే సిగ్గుపడి "నొప్పి తగ్గింది" అని చెప్పి లేచి వచ్చేసిన పెద్దవాళ్లు మనకు తెలుసు.

తెలుగు తెలిసిన ఒక అమ్మాయి పక్కన ఉండాలి. ఇది చిన్న విషయం అనుకోవద్దు. మన అవ్వలకు మరాఠీ వస్తుంది, బజారులో బేరం ఆడగలరు. కానీ నొప్పి చెప్పేటప్పుడు తెలుగే వస్తుంది. గుంజుడు, పీకుడు, సలుపు, పోటు, తిమ్మిరి, మంట: ఇవన్నీ వేరు వేరు నొప్పులు. మరాఠీలో అడిగితే అన్నిటికీ కలిపి "దుఖతంయ్" అని ఒక్క మాట చెప్పి ఊరుకుంటారు. తిమ్మిరి అనే ఒక్క మాట బయటికి రాకపోతే నరం జబ్బు కండరం జబ్బుగా రాసుకుంటారు. ఇంటర్, డిగ్రీ చదివే మన ఆడపిల్లలకు ఇంట్లో తెలుగు దేనికి పనికొస్తుందని అడిగేవాళ్లకు ఇదొక జవాబు.

సూది పెట్టే రోజు వారపు సెలవుకు ముందురోజు అయితే మంచిది. కుంభారి దగ్గరి గోదూతాయి పరులేకర్ కాలనీలో ఉన్నవాళ్లు ఊళ్లోకి రావాలంటే పూట పోతుంది, ఆటో ఖర్చు అదనం. అందుకని వారానికి ఒక మధ్యాహ్నం అక్కడే పెట్టాలి.

ఆఖరిది, మాకు అన్నిటికన్నా ముఖ్యమైనది పీట. ఆరోగ్య నిధిలోంచి ఆ 25 మందికీ ఒక్కో చెక్క పీట, వీపుకు ఆనించుకునే ఒక మెత్త ఇద్దాం. మన వడ్ల పనివాళ్లే చేస్తారు. డబ్బాలకొద్దీ సూదులకయ్యే ఖర్చుతో పోలిస్తే ఇదేమంత ఎక్కువ కాదు, పైగా ఏళ్లు ఉంటుంది.

మన తాతలు మగ్గాలు నమ్ముకుని తెలంగాణ పల్లెల నుంచి ఈ ఊరికి వచ్చారు. షోలాపూర్ చద్దరుకు భౌగోళిక గుర్తింపు వచ్చిందని మనం గర్వపడతాం, పడాలి కూడా. ఆ చద్దరు నేసిన ఇళ్లలో సాంచాల కూలి చాలనప్పుడు ఇల్లు నిలబెట్టింది ఆడవాళ్ల చాట. మన చదువులు, మన ఫీజులు, మన సంఘం చందాలు కూడా ఆ వెయ్యి బీడీల్లోంచే వచ్చాయి. ఆ భుజాలకు మనం చెల్లించాల్సిన బాకీ ఉంది. మూడున్నర నిమిషాల్లో అది తీరదు.

వచ్చే సమావేశంలో ఈ ప్రతిపాదన రాతపూర్వకంగా పెడుతున్నాం. ఒప్పుకోకపోయినా ఫరవాలేదు, కానీ వచ్చి మాట్లాడండి. వచ్చేటప్పుడు ఇంట్లో బీడీలు చుట్టే అమ్మనో అక్కనో అత్తనో వెంట తీసుకురండి. ఇన్నేళ్లలో వాళ్ల నొప్పి గురించి మగవాళ్లమే మాట్లాడాం. ఈసారి వాళ్లనే అడుగుదాం. వాళ్లు ఒక్కరోజు క్యాంపే కావాలంటే, మేము మా కాగితం వెనక్కి తీసుకుని వరుసలో పేర్లు రాసే పనిలో కూర్చుంటాం.